మాస్టర్ చెవులు

సూది విరిగిన రోజు నాకు సంతోషమేసింది. పైకి అనలేదు. మా కొట్లో నోరు విప్పే వీలు ఎక్కడేడిసింది గనక.

మాది సకాటా రేవు వెనక వీధిలో జాజ్ వినిపించే కాఫీ కొట్టు. పేరు హమానాసు. కాఫీ ఒక వంక, జనం వచ్చేది రికార్డుల కోసం. గోడ నిండా రికార్డులు, ఎదురుగా బీరువాలంతేసి స్పీకర్లు, వాటికేసి తిరిగి వరసలుగా కుర్చీలు. గుమ్మం దగ్గర మా ఆయన యసుహికో తన చేత్తో రాసి పెట్టిన చెక్క ఒకటుంది: లోపల మాట్లాడరాదు. పాట కావాలంటే చీటీ రాసివ్వాలి, కాఫీ కావాలంటే వేలు చూపించాలి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నా సంసారమంతా రికార్డు ఒక పక్క అయిపోయి రెండో పక్కకి తిప్పే సందులోనే జరిగింది. మా అమ్మ పోయిందని ఫోన్ వస్తే ఆ కబురూ అలాంటి సందులోనే చెప్పాను. ఆయన తలూపి, రికార్డు తిప్పి, సూది దించి, అప్పుడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. చెడ్డ మనిషి కాదు. అదే చిక్కు.

త్సురుఒకాలో మా చెల్లెలు సుమియోకి పచ్చళ్ళ కొట్టు ఉంది. భర్త పోయాక ఒక్కతే నడుపుకుంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట: వచ్చెయ్యి అక్కా, మేడ మీద గది ఖాళీగానే ఉంది, ఇక్కడ పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి వచ్చేపోయేవాళ్ళతో వాగడమే పని. ఆ వాగుడనే మాటకే నాకు నోరూరేది. మాటలకి మొహం వాచిపోయి ఉన్నాను మరి. వయసు మీద పడింది, కొట్టు మూసేసి ఇద్దరం వెళ్దామండీ అని ఎన్ని సందుల్లో చెప్పానో. హమానాసు మూసేస్తే వీళ్ళంతా ఎక్కడికి పోతారు అనేవారు ఆయన, కుర్చీలకేసి చూపిస్తూ. నేనెక్కడికి పోవాలో ఎవరూ అడగలేదు.

ఒక్కదానివీ వెళ్ళిపోవచ్చు కదా అనేది సుమియో. వెళ్ళేదాన్నే, ఆయన చెవులు బాగుండి ఉంటే.

మా ఆయన చెవులంటే ఈ ప్రాంతంలో పేరు. ఇలాంటి కొట్టు యజమానిని మా వైపు మాస్టర్ అంటారు. హమానాసు మాస్టర్ సూది దించితే ఆ లెక్కే వేరని సెందాయ్ నుంచి కూడా పనిగట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ చెవులు ఎప్పుడో పోయాయి. అంతంత స్పీకర్ల ముందు జీవితమంతా కూర్చుంటే పోకేం చేస్తాయి? ఓ పొద్దున పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తుంటే దాని పక్కనే నిలబడి పేపరు తిరగేస్తున్నారు. నేను పరిగెత్తుకొచ్చి ఆపితే, ఏం కొంప మునిగిందన్నట్టు చూశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి రికార్డు తిప్పుతూ, నా మొహం చూడకుండా, సింబల్స్ ఎలా మోగుతున్నాయని అడిగారు. డ్రమ్ముల పక్కన ఆ ఇత్తడి పళ్ళేల మోత అన్నిటికన్నా సన్నటిది. చెవులు పోతే ముందు పోయేది అదే. ఆయన నన్ను సంగీతం గురించి ఏదైనా అడగడం అదే మొదలు. నాకు గర్వంగానూ ఉంది, జాలిగానూ ఉంది. ఎలా మోగుతున్నాయో చెప్పాను. అక్కడే పట్టుబడిపోయాను.

అప్పట్నుంచి ఆయన చెవులు నేనే. వంటింట్లో చెక్క తలుపు వెనక గిన్నెలు కడుక్కుంటూ బతికాను గనక నా చెవులకి ఏమీ కాలేదు. జనం ఉన్నప్పుడు మాట్లాడకూడదు కాబట్టి ఒక గుర్తు పెట్టుకున్నాం. మోత సరిగ్గా ఉంటే నేను కాఫీ ట్రే గుండెకి ఆనించి నిలబడాలి, తేడాగా ఉంటే బల్ల మీద పెట్టెయ్యాలి. ఆయన నన్ను ఓరగా చూసి, సూది బరువు వెంట్రుకవాసి పెంచడమో తగ్గించడమో చేసేవారు. కుర్చీల్లోవాళ్ళు, చెవులంటే మాస్టర్‌వే అన్నట్టు తలలూపేవాళ్ళు. చెవికి మిషను పెట్టుకోండి అంటే, మిషను పెట్టుకున్న మాస్టర్ దగ్గరికి జాజ్ వినడానికి ఎవరొస్తారు అన్నారు. చేపల బజారుకి వెళ్ళినా ఎవరితోనూ రెండు ముక్కలు మాట్లాడకుండా పరుగున తిరిగొచ్చేదాన్ని, నేను లేనప్పుడు మోత చెడితే ఆయన పరువేం కానని. జైలుకైనా సెలవులుంటాయేమో గానీ నాకు లేవు.

ఇక ఆ సూది సంగతి. సూదిని పట్టుకుని ఉండే బొటనవేలంత డబ్బాని కార్ట్‌రిడ్జ్ అంటారు. మా ఆయనకి అందులో మూవింగ్ కాయిల్ రకం తప్ప ఇంకోటి ఆనదు. రికార్డు గాడిలో సూది ఊగుతుంటే దాని వెనక, తలవెంట్రుక కన్నా సన్నని రాగితీగ చుట్ట ఒకటి అయస్కాంతం మధ్యలో ఊగుతుంది. అందులోంచి పుట్టే గొంతు ఎంత చిన్నదంటే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పెంచితే గానీ పనికిరాదు. చిన్నదైతేనేం, మిగతా రకాలు మింగేసేవన్నీ అది బయటపెడుతుంది. మామూలు రకానికి సూది అరిగితే సూది మార్చుకుంటే సరిపోతుంది. దీనికి ఆ వీలు లేదు, మొత్తం డబ్బాని చేసినాయనకే పంపాలి. మాది చేసినాయన చూపు ఆనక కిందటేడే పని మానేశాడు.

జనవరిలో, మంచు అడ్డంగా కొడుతున్న ఓ పొద్దున, కొట్టు తెరవకముందు ఆయన కార్ట్‌రిడ్జ్ వెనక తీగలు సరిచేస్తున్నారు. లోపలి అయస్కాంతం మహా బలమైంది. దాని దగ్గరికి ఇనుము తీసుకుపోకూడదని ఈ పిచ్చి పట్టిన ప్రతివాడికీ తెలుసు, ఇత్తడి పనిముట్లే వాడతారు. తన ఇత్తడి ప్లక్కర్ కనపడక ఆయన నేను కనుబొమలు పీక్కునే ఇనప ప్లక్కర్ తీసుకున్నారు. ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు అది వెళ్ళి డబ్బాకి అతుక్కుంది. పుటుక్కుమని చిన్న చప్పుడు. నాకు వినపడింది, ఆయనకి వినపడలేదు. వంగి చూసుకునేసరికి సూది కాడ విరిగిపోయి ఉంది.

పీడా విరగడైందనుకున్నాను. బాగుచేసేవాడు లేడు, ఆయన ఇంకోటి ఎంచుకోలేరు, ఇక ఏ దారీ లేదు. చాలు కదండీ, మూసేద్దాం అన్నాను. ఆయన రికార్డు ప్లేయరు గాజుమూత మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. అవునన్లేదు, కాదన్లేదు. నాకు అది చాలు. మధ్యాహ్నం సుమియోకి ఫోన్ చేసి, మంచు కరగ్గానే వస్తున్నాం, గది తుడిపించు అని చెప్పేశాను.

సాయంత్రం ఒగాతాగారు వచ్చారు. ఆయన పళ్ళ డాక్టరుగా చేసి మానేశారు. ముందు వరసలో మధ్య కుర్చీ ఆయనది, ఇంకెవరూ అందులో కూర్చోరు. పళ్ళు చూసే చిన్న అద్దం జేబులో వేసుకొచ్చి అప్పుడప్పుడూ మా సూది ఆరోగ్యం చూసిపోతుంటారు. ఆ రోజూ అద్దం పెట్టి చూసి, అయ్యో, ఇదేంటి మాస్టర్ అన్నారు. మా ఆయన నాకేసి చూడకుండా, తుడుపుగుడ్డ తగిలిందన్నారు.

ఈ మూవింగ్ కాయిల్ జనం అందరిదీ ఒకటే నమ్మకం. సూది విరిగిందంటే ఆ ఇంట్లో ఆడమనిషి దుమ్ము దులిపిందన్నమాటే. ఇంకేమీ అడగక్కర్లేదు.

"మిసావోగారూ, వీటి పాలిట మీ ఆడవాళ్ళ గుడ్డలే యముళ్ళండీ. మా ఆవిడ రెండిటిని చంపింది," అన్నారు ఒగాతాగారు, నన్ను క్షమించేసిన మొహం పెట్టి.

నా చేతిలో కాఫీ కూజా ఉంది, ఎవరి నెత్తిన పోసినా తప్పులేదనిపించింది. పోయలేదు. కప్పులో పోసి ఇచ్చాను. ఒగాతాగారు ఆ కాఫీ తాగుతూ హమానాసుని బతికించే బాధ్యత తన నెత్తిన వేసుకున్నారు. మూవింగ్ కాయిల్స్ మూడు తెప్పిస్తానన్నారు. తనదొకటి, సెందాయ్‌లో స్నేహితుడిదొకటి, కొత్తగా మొదలైన ఓ కార్ఖానా వాళ్ళదొకటి. ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చుందాం, ఆనవాయితీ ప్రకారం ఏది ఏదో కనపడకుండా నల్లగుడ్డ అడ్డం కట్టి వినిపిద్దాం, మాస్టర్ చెవితోనే ఎంచుతారు అన్నారు. ఈ కొట్లోకి కొత్త సూది ఎప్పుడొచ్చినా అలాగే వచ్చింది. మా ఆయన తలూపారు.

ఆదివారం పొద్దున నేను మధ్యాహ్నం వచ్చేవాళ్ళ విందు కోసం కాడ్ చేప పులుసు పెడుతుంటే ఆయన వంటింట్లోకి వచ్చారు. ఎప్పుడూ రారు. సరైనది మోగినప్పుడు ట్రే గుండెకి ఆనించు అన్నారు. నేను గరిట కింద పెట్టాను.

"ముందు ఆ తుడుపుగుడ్డ సంగతి నిజం చెప్పండి అందరికీ."

"చెప్తే, ఇనప ప్లక్కర్ ఎందుకు పట్టుకున్నావంటారు. కళ్ళు కూడా పోయాయా అంటారు. అక్కణ్ణుంచి చెవుల దాకా వస్తారు, మిసావో."

ఆయన గొంతు చూస్తే బతిమాలుతున్నట్టే ఉంది. నేను పులుసు కలుపుకుంటూ ఉండిపోయాను. అప్పటికే నిశ్చయించుకున్నాను, ట్రే ఎత్తను. ఆయన చెడ్డదాన్ని ఎంచుతారు. వాళ్ళకి తెలిసిపోతుంది. మాస్టర్‌కి వినపడదని తేలితే ఇక కొట్టు ఉండదు. కొట్టు లేకపోతే నేను సుమియో పక్కన నిలబడి కనపడ్డవాళ్ళందరితో గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడతాను. ఆయన్ని బజారులో పెట్టబోతున్నానని తెలుసు. ఆయన నన్ను పెట్టలేదా అనుకున్నాను.

మధ్యాహ్నానికి కుర్చీలన్నీ నిండాయి. అందరూ తలనెరిసినవాళ్ళే, నా పెళ్ళప్పటి నుంచీ అవే కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. మూడు కార్ట్‌రిడ్జ్‌లనీ ఒగాతాగారు చటుక్కున విప్పి తగిలించే వీలున్న తొడుగుల్లో ముందే బిగించి తెచ్చారు. ఆయనే నల్లగుడ్డ వెనక నిలబడి ఒకదాని తర్వాత ఒకటి మారుస్తారు. మూడిటికీ ఒకటే రికార్డు: పియానో, బాస్, డ్రమ్ములు, ముగ్గురే మనుషులు. మా ఆయన స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మూసుకున్నట్టు కనపడతారు గానీ నావైపు కన్ను కొంచెం తెరిచే ఉంటుంది.

మొదటిది బొంత కప్పుకుని వాయిస్తున్నట్టుంది. ట్రే బల్ల మీదే ఉంది.

రెండోది మొదలైంది. ఏం చెప్పను. డ్రమ్ము తోలు మీద బ్రష్షులు తిరుగుతుంటే చేటలో బియ్యం కదిలినట్టుంది. సింబల్ ఒకసారి తగిలి, ఆ మోత సన్నబడి సన్నబడి ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. పియానో ఆయన వాయిస్తూ వాయిస్తూ లోలోపల కూనిరాగం తీస్తున్నాడు. ఆ రికార్డు ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఆ మనిషి పాడతాడని నాకు ఆరోజే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి దానంతటది ట్రే మీదికి పోయింది. గుండెకి ఆనించబోయి, సుమియో కొట్టుని గుర్తుచేసుకుని, రెండు చేతులతో అదిమి బల్ల మీదే ఉంచాను.

మూడోది మా ట్రాన్స్‌ఫార్మర్‌తో పొత్తు కుదరని రకం. సింబల్ తగిలిన ప్రతిసారీ నా పళ్ళు జివ్వుమన్నాయి. ఒగాతాగారి ఆసుపత్రిలో డ్రిల్లు పెట్టినప్పుడు అచ్చం ఇదే మోత. పక్క అయిపోయేదాకా ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. అయిపోయాక మా ఆయన నాకేసి చూశారు. మూడిటికీ ట్రే లేవలేదు. ఆయన మొహం చూడలేక కుళాయికేసి చూశాను.

"మూడోది," అన్నారు ఆయన.

ఇప్పుడు గోల మొదలవుతుందని కాచుకున్నాను. ఒగాతాగారు నల్లగుడ్డ వెనక నుంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, అదేనండీ మాస్టర్, ఆ సింబల్స్ అంత బాగా విని ఎన్నేళ్ళయిందో అన్నారు. వెనక వరసాయన ముక్కు చీదుకున్నాడు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. అప్పుడు అర్థమైంది నాకు. జీవితమంతా ఆ స్పీకర్ల ముందు కూర్చున్నది మా ఆయనొక్కరే కాదు. వాళ్ళెవరి చెవుల్లోనూ ఆ సన్నటి మోత లేదు. ఆ కర్కశమైన డబ్బా అరిచి చెప్పింది కాబట్టి ఇన్నాళ్ళకి వినపడింది. తప్పు పట్టేవాళ్ళే లేని చోట ఆయన తప్పు ఎలా బయటపడుతుంది? కొట్టు ఇలాగే నడుస్తుంది, నేను ట్రే పట్టుకుని ఇక్కడే చస్తాను అనుకున్నాను.

మా ఆయన మాత్రం బల్ల మీది ట్రేనే చూస్తున్నారు. తన చెవికి వినపడినదాని కన్నా ఆ ట్రే మీదే ఆయనకి నమ్మకం. లేచి నిలబడి అందరికీ నడుం వంచి దణ్ణం పెట్టారు.

"నేను చెప్పింది తప్పు. నాకు వినపడదు, చాన్నాళ్ళయింది. మీరు మెచ్చుకున్నదంతా ఈవిడ చెవులు. ఆ సూది విరగ్గొట్టింది కూడా నేనే. ఈవిడ గుడ్డ కాదు."

అన్నాళ్ళుగా కావాలనుకున్న మాట. విన్నాక కసి తీరలేదు. వంగిన ఆ నడుం చూడలేకపోయాను.

ఒగాతాగారు వచ్చి తన కుర్చీలో కూర్చుని పళ్ళు చూసే అద్దాన్ని వేళ్ళ మధ్య తిప్పారు. నాకూ సరిగ్గా వినపడదు మాస్టర్, డ్రిల్లు నా చెవులు ఎప్పుడో తినేసింది అన్నారు. ఇంకొకాయన తానూ అంతేనన్నాడు. ఆ పక్కాయన నవ్వాడు. మాట్లాడకూడని గదిలో ముసలాళ్ళంతా తమ చెవుల జబ్బులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఒక్కసారిగా అందరూ నాకేసి తిరిగారు. ఒగాతాగారు మధ్య కుర్చీలోంచి లేచి, దాన్ని చేత్తో తుడిచి, నాకు చూపించారు.

"కూర్చోండి మిసావోగారూ. ఏది సరైనదో మీరు చెప్పండి. ఇకమీదట మీరే మాస్టర్."

కూర్చున్నాను. అబద్ధమెందుకు, బ్రహ్మాండంగా ఉంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నేను వెనక నిలబడిన గది, మొదటిసారి ముందు నుంచి చూశాను. నేను నోరు విప్పేదాకా ఎవరూ మాట్లాడరట. నాలుక చివర రెండోదే ఉంది. ఆ ఒక్క మాట అంటే సెందాయ్ వాళ్ళు కూడా వచ్చి నా మాట వింటారు. రేపు సూది బరువెంత అని నన్నడుగుతారు, ఎల్లుండి గొంతు ఎలా ఉందని నన్నడుగుతారు. వాళ్ళకి వినపడని దాన్ని వాళ్ళ కోసం వింటూ, ఈ మెత్తటి కుర్చీలో పోయేదాకా కూర్చోవాలి. ఇంతకుముందు గడియ బయట నుంచి పెట్టి ఉండేది. ఇప్పుడు నా చేతికిచ్చి లోపల నుంచి పెట్టుకోమంటున్నారు. మూడోదైతే ఎవరి చెవికి వాళ్ళకే వినపడుతుంది. దానికి నేను అక్కర్లేదు.

"మూడోదే," అన్నాను. "ఆయన చెప్పింది తప్పేం కాదు."

గదంతా ఊపిరి వదిలింది. వినపడకపోయినా మాస్టర్ మాస్టరే అని ఒగాతాగారు చప్పట్లు కొట్టి, వెళ్ళి రికార్డు రెండో పక్క తిప్పారు. ఆ సందులో మా ఆయన నా దగ్గరికి వంగి, మరి ట్రే ఎందుకు ఎత్తలేదని అడిగారు. మీకే తెలుస్తుందని, అన్నాను. నిజంగానా అన్నట్టు చూశారు. నిజంగానే అన్నాను. సూది దిగింది. సింబల్ తగలగానే నా పళ్ళు జివ్వుమన్నాయి. ఆయన కళ్ళు పూర్తిగా మూసుకుని నవ్వారు. పక్క అయిపోయేదాకా ఒక్కసారి కూడా నావైపు చూడలేదు.

మంచు కరగ్గానే సుమియో దగ్గరికి వచ్చేశాను, ఒక్కదాన్నే. ఆయన రానన్నారు. ఆదివారాలు వెళ్ళి పులుసు పెట్టి వస్తుంటాను, కొట్టు నిండుగానే ఉంటోంది. ఇక్కడ పొద్దస్తమానం వాగుతూనే ఉన్నాను, సుమియో చెవులు మూసుకుంటోంది. ఆ రెండో కార్ట్‌రిడ్జ్‌ని మాత్రం ఆ ఆదివారం మర్నాడే డబ్బాలో పెట్టి సెందాయ్ పంపేశారు. దాన్ని విన్నది నేనొక్కదాన్నే, అదీ ఒక్క పక్క.